కెమెరా శాంపిల్స్‌ని బ్యాచ్‌లో వేసే ముందు ఆ ఒక్క టిక్ తీసేయండి

రెండేళ్ళ క్రితం సంగతి. పదిహేను వేల రేంజ్‌లో ఉన్న రెండు ఫోన్ల కెమెరాలు పోల్చి ఒక రివ్యూ రాశాను. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం, బీసెంట్ రోడ్డులో రాత్రి, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద... ఇలా ఒక్కో ఫోన్‌తో నలభై ఫొటోల దాకా తీసి, మొత్తం ఎనభై ఫొటోలనీ ఒకేసారి బ్యాచ్‌లో వేసి, సైజు తగ్గించి పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే ఒక రీడర్ నుంచి మెసేజ్: "అన్నా, రెండు ఫోన్లలోనూ ఆకాశం ఒకేలా ఉందేంటి? ఆ రెండో ఫోన్ మా తమ్ముడి దగ్గర ఉంది, దాన్లో ఇంత బ్లూ రాదు."

వెళ్ళి చూసుకుంటే అతను చెప్పింది నిజమే. రివ్యూలో నేనే "రెండో ఫోన్ కొంచెం పసుపు వైపు లాగుతుంది" అని రాశాను. కింద ఫొటోల్లో ఆ పసుపు ఎక్కడా లేదు. నేను రాసింది ఒకటి, చూపించింది ఇంకొకటి.

ఏం జరిగిందంటే, దానికి వారం ముందు ఒక అన్‌బాక్సింగ్ కోసం బాక్స్ ఫొటోలు తీశాను. వెలుతురు సరిగ్గా లేక అవి డల్‌గా వచ్చాయి, అందుకని బ్యాచ్ టూల్‌లో ఆటో కలర్, షార్పెన్ రెండూ టిక్ పెట్టాను. టూల్ ఆ సెట్టింగ్స్‌ని గుర్తు పెట్టుకుంది, నేను మర్చిపోయాను. కెమెరా శాంపిల్స్ కూడా అదే గొట్టంలోంచి వెళ్ళాయి. ఇంకా దారుణం ఏంటంటే, అవుట్‌పుట్ ఫోల్డర్ కూడా ఒరిజినల్స్ ఉన్న ఫోల్డరే. పాత ఫైళ్ళ మీదే కొత్తవి రాసేసింది. మొదటి ఫోన్ నా దగ్గరే ఉంది కాబట్టి దానిలో ఒరిజినల్స్ దొరికాయి. రెండోది రివ్యూ యూనిట్, అప్పటికే రీసెట్ చేసి కంపెనీకి కొరియర్‌లో పంపించేశాను. ఆ నలభై ఫొటోలు ఇక లేవు. ఆ ఫోన్ శాంపిల్స్ అన్నీ తీసేసి, పైన తప్పు ఒప్పుకుంటూ నాలుగు లైన్లు రాసి, మూడు వారాల తర్వాత ఆ మోడల్ కొన్న ఫ్రెండ్ దగ్గర అడుక్కుని మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఆ మూడు వారాల్లో నా ఫొటోలు నమ్మి ఎవరైనా ఆ ఫోన్ కొన్నారో లేదో నాకు తెలీదు.

అప్పటినుంచి ఈ విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. బ్యాచ్ టూల్స్ వాడండి, వాడకపోతే ఈ పని అవ్వదు. కానీ ఫోన్ రివ్యూ రాసేవాళ్ళు కెమెరా శాంపిల్ మీద సైజు తగ్గించడం తప్ప ఇంకే పనీ టూల్‌తో చేయించకూడదు. బాక్స్ ఫొటోకి మేకప్ వేస్తే ఎవరికీ నష్టం లేదు. శాంపిల్‌కి వేస్తే, అది ఒకరి పదిహేను వేల రూపాయల సంగతి.

"అసలు బ్యాచ్ ఎందుకు, ఫోన్‌లో తీసింది తీసినట్టు పెట్టేయొచ్చుగా" అని కొత్తగా సైట్ మొదలుపెట్టిన కుర్రాళ్ళు అడుగుతుంటారు. లెక్క చూద్దాం. ఇప్పటి ఫోన్లలో మామూలు 12 మెగాపిక్సెల్ ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. ఎనభై ఫొటోలు అంటే 350 ఎంబీ దాటుతుంది. మన రీడర్లలో చాలామందికి రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్. నా ఒక్క రివ్యూ చదవడానికి వాళ్ళ రోజువారీ డేటాలో దాదాపు పావు వంతు పోవాలా? అదే పొడుగు వైపు 1600 పిక్సెల్స్‌కి తగ్గించి, క్వాలిటీ 85 దగ్గర పెడితే ఒక్కో ఫొటో మూడు నాలుగు వందల కేబీల్లో వస్తుంది. మొబైల్ స్క్రీన్ మీద చూసేవాళ్ళకి తేడా కనపడదు. ఇది ఒక్కొక్క ఫొటో ఓపెన్ చేసి చేసే పని కాదు. ఎనభై సార్లు సేవ్ యాజ్ కొట్టే ఓపిక ఎవరికుంది?

టూల్స్ విషయానికి వస్తే, ఈ పనికి నెలనెలా డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదని నా మాట. లైట్‌రూమ్ బాగోదని కాదు, పెళ్ళి ఫొటోలు ఎడిట్ చేసేవాళ్ళకి దానికి మించింది లేదు. కానీ సైజు తగ్గించి పేరు మార్చడానికి నెలసరి చందా ఏంటి, దోమని కొట్టడానికి గొడ్డలి తెచ్చినట్టు.

విండోస్ వాడేవాళ్ళకి నా మొదటి ఓటు ఇప్పటికీ ఇర్ఫాన్‌వ్యూకే. 1996లో మొదలైన ప్రోగ్రామ్ ఇది. ఇర్ఫాన్ స్కిల్యాన్ అనే ఒక్క మనిషి రాసి, ఇన్నేళ్ళుగా అప్‌డేట్ చేస్తూ వస్తున్నాడు. చూడ్డానికి విండోస్ 98 కాలంలోనే ఆగిపోయినట్టు ఉంటుంది. కానీ ప్రోగ్రామ్ తెరిచి కీబోర్డ్ మీద బి నొక్కితే చాలు, బ్యాచ్ విండో వస్తుంది. కుడివైపు ఫోల్డర్ చూపించి, ఫొటోలు యాడ్ చేసి, సైజు ఇచ్చి స్టార్ట్ కొడితే అయిపోతుంది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద కూడా గుక్క తిప్పుకోకుండా పని చేస్తుంది. పేర్లు మార్చడం కూడా అక్కడే. నేను పైన చెప్పిన టిక్‌ల లాంటివి ఇందులో అడ్వాన్స్‌డ్ అనే బటన్ వెనక ఉంటాయి. స్టార్ట్ కొట్టే ముందు ప్రతిసారీ అది తెరిచి చూసుకోవడం ఇప్పుడు నాకు గ్యాస్ స్టవ్ ఆపానా లేదా అని చూసుకునేంత అలవాటైపోయింది.

మ్యాక్, లైనక్స్ వాళ్ళకి, లేదా కొంచెం శుభ్రంగా కనిపించేది కావాలనుకునేవాళ్ళకి ఎక్స్‌ఎన్‌కన్వర్ట్. మూడు సిస్టమ్‌ల మీదా నడుస్తుంది. దీన్లో నాకు నచ్చింది, చేయబోయే పనులన్నీ ఒకదాని కింద ఒకటి వరుసగా కనిపిస్తాయి. రీసైజ్, తర్వాత వాటర్‌మార్క్, తర్వాత ఇంకోటి. దాక్కున్న టిక్‌లు ఉండవు, ఏం జరగబోతుందో కళ్ళ ముందే ఉంటుంది. వరుసని ఒక పేరుతో సేవ్ చేసుకోవచ్చు కూడా. నేను "శాంపిల్స్" అని ఒకటి, "బాక్స్ ఫొటోలు" అని ఒకటి వేరువేరుగా పెట్టుకున్నాను. రెండేళ్ళ క్రితం ఈ పని చేసుంటే పై కథ ఉండేది కాదు.

ఒక మాట. ఈ రెండూ ఉచితం అనేది సొంత వాడకానికే. సైట్ మీద యాడ్స్ పెట్టి డబ్బులు సంపాదిస్తున్నప్పుడు లైసెన్స్ కొనుక్కోవడం ధర్మం. క్రాక్డ్ సాఫ్ట్‌వేర్ వాడుతూ ఫోన్ కంపెనీల నిజాయితీ మీద వ్యాసాలు రాస్తే బాగోదు.

ఇక కమాండ్ లైన్ అంటే భయం లేనివాళ్ళకి ఇమేజ్‌మ్యాజిక్ ఉంది. 1987లో డ్యూపాంట్ కంపెనీలో పని చేస్తూ జాన్ క్రిస్టీ మొదలుపెట్టింది, 1990 నుంచి అందరికీ ఫ్రీ. ఎన్నో వెబ్‌సైట్ల సర్వర్ల వెనక ఫొటోలు కుదించేది ఇదే. ఒకే ఒక్క లైన్‌తో వెయ్యి ఫొటోలైనా అవగొట్టేస్తుంది. కానీ దీన్లో మోగ్రిఫై అనే కమాండ్ ఉంది, దానితో జాగ్రత్త. వేరే ఫోల్డర్ చెప్పకపోతే అడక్కుండా ఒరిజినల్స్ మీదే రాసేస్తుంది. నాలాంటివాళ్ళకి అది రోడ్డు మీద మూతలేని మ్యాన్‌హోల్. ఇంకోటి, ఫైల్ సైజు తగ్గుతుందని చాలామంది స్ట్రిప్ అనే ఆప్షన్ కూడా కలుపుతారు. అది లొకేషన్‌తో పాటు ఫొటో ఏ వైపు తిప్పి ఉందో చెప్పే సమాచారాన్ని, కలర్ ప్రొఫైల్‌ని కూడా పీకేస్తుంది. ముందు ఆటో ఓరియెంట్ ఇవ్వకపోతే నిలువుగా తీసిన ఫొటోలు అడ్డంగా పడుకుంటాయి. ఐఫోన్ ఫొటోలు డిస్‌ప్లే పి3 అనే ప్రొఫైల్‌తో వస్తాయి, దాన్ని ఎస్ఆర్‌జీబీకి మార్చకుండా పీకేస్తే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు రీడర్ ఏమనుకుంటాడు? ఐఫోన్ కెమెరా ఆండ్రాయిడ్ కంటే డల్ అనుకుంటాడు. తప్పు మనది, మాట పడేది ఫోన్.

ఈ మధ్య ఇలాంటిదే ఇంకో తలనొప్పి వచ్చింది. 2023లో ఆండ్రాయిడ్ 14తో అల్ట్రా హెచ్‌డీఆర్ అని ఒక పద్ధతి వచ్చింది. ఫొటో మామూలు జేపీజీలాగే ఉంటుంది, కానీ లోపల గెయిన్ మ్యాప్ అనే అదనపు పొర ఒకటి దాచి ఉంటుంది. మంచి స్క్రీన్ మీద దీపాలు, సూర్యుడు నిజంగా వెలుగుతున్నట్టు కనపడటానికి అదే కారణం. పాత బ్యాచ్ టూల్‌లో వేసి సైజు తగ్గిస్తే ఆ పొర పోతుంది. ఫోన్‌లో జిగేల్‌మన్న ఫొటో సైట్‌లో చప్పగా ఉంటుంది. "మీ ఫొటోల కంటే మా ఫోన్‌లో బాగా వస్తుంది" అని రీడర్లు అంటే, వాళ్ళు ఊరికే అనట్లేదు. దీనికి నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు. అందుకే ప్రతి రివ్యూలో నాలుగైదు ఫొటోల ఒరిజినల్ ఫైల్స్‌ని తాకకుండా, విడిగా డౌన్‌లోడ్ లింక్‌గా పెడుతున్నాను. డేటా ఉన్నవాళ్ళు దించుకుని వాళ్ళ స్క్రీన్ మీదే చూసుకుంటారు.

అలా ఒరిజినల్స్ పెట్టేటప్పుడే ఇంకో జాగ్రత్త కావాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటోలో అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి ఉంటుంది. ఇంటి డాబా మీద నుంచి చందమామని జూమ్ చేసి తీసి పెట్టామంటే, మన ఇంటి అడ్రస్ ఊరందరికీ ఇచ్చినట్టే. అలాగని మొత్తం సమాచారం తీసేస్తే షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ లాంటివీ పోతాయి, రాత్రి ఫొటోల్లో వాటికోసమే చూసేవాళ్ళు ఉంటారు. ఎక్సిఫ్‌టూల్ అనే ఫ్రీ ప్రోగ్రామ్‌తో ఒక ఫోల్డర్ మొత్తంలో జీపీఎస్ సమాచారం మాత్రమే తీసేయొచ్చు. పైగా అది తనంతట తానే పాత ఫైల్‌ని ఒరిజినల్ అని తోక తగిలించి పక్కన ఉంచుతుంది. టూల్ అంటే అలా ఉండాలి. అసలు శాంపిల్స్ తీసేముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసుకుంటే ఈ గోలే ఉండదనుకోండి.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కి ఫొటోలు వాట్సాప్‌లో పంపుకునే మహానుభావులకి చేతులెత్తి దండం. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని ఎడాపెడా కుదించేస్తుంది, ఇక ఆ తర్వాత కెమెరా డీటెయిల్ గురించి మాట్లాడటం దండగ. కేబుల్ వాడండి, అది లేకపోతే వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

వర్డ్‌ప్రెస్ మీద సైట్ నడిపేవాళ్ళు ఒకటి గమనించాలి. మనం కుదించి పంపింది అది మళ్ళీ కుదిస్తుంది. అప్‌లోడ్ చేసిన ప్రతి ఫొటోకీ 150, 300, 768, 1024, 1536 పిక్సెల్స్ అంటూ చిన్న కాపీలు తయారుచేసుకుంటుంది, వాటి జేపీజీ క్వాలిటీ మామూలుగా 82. కాబట్టి మనం ముందే క్వాలిటీ 60కి దించేసి పంపితే, దాని మీద ఇంకోసారి కుదింపు పడి, ఆకాశంలో చారలు, ముఖాల మీద మచ్చలు వస్తాయి. ఆ మచ్చలు కెమెరా తప్పు అని రీడర్ అనుకుంటాడు. అందుకే నేను 85 కంటే కిందకి వెళ్ళను. జేపీజీ అనేది జిరాక్స్ లాంటిది, జిరాక్స్‌కి జిరాక్స్ తీసేకొద్దీ అక్షరం పోతుంది. స్క్రీన్‌షాట్స్‌ని, అంటే బెంచ్‌మార్క్ స్కోర్లు, సెట్టింగ్స్ పేజీలు, వీటిని అసలు ఫొటోల బ్యాచ్‌లో కలపకండి. అవి పీఎన్‌జీగానే ఉండాలి, జేపీజీ చేస్తే అంకెల చుట్టూ చీమలు పాకినట్టు ఉంటుంది.

ఫైల్ పేర్ల గురించి చిన్న మాట. తెలుగు సైట్ కదా అని ఫొటోకి తెలుగులో పేరు పెట్టాలని నాకూ ఉండేది. లింక్ కాపీ చేసి ఎవరికైనా పంపితే ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, తొమ్మిది ఇంగ్లీష్ క్యారెక్టర్లుగా మారిపోతాయి. "తెలుగు" అనే మాట ఒక్కటే 54 క్యారెక్టర్లు అవుతుంది. అందుకే ఫొటో ఫైల్ పేరు ఇంగ్లీష్‌లో, ఫోన్ మోడల్, తర్వాత నంబర్. అభిమానం అంతా వ్యాసంలో చూపించుకుందాం.

థంబ్‌నెయిల్ దగ్గరకి వచ్చేసరికి మాత్రం బ్యాచ్ మీద నాకు నమ్మకం తక్కువ. ఫోన్ ఏమో పొడుగ్గా ఉంటుంది, థంబ్‌నెయిల్ ఏమో అడ్డంగా ఉంటుంది. మధ్యలోంచి కట్ చేయమని టూల్‌కి చెబితే, అది మధ్యలోంచే కట్ చేస్తుంది. పైన కెమెరాలు పోతాయి, కింద పేరు పోతుంది, మిగిలేది ఒక నల్ల పలక. ఈ వారం వచ్చిన ఐదు ఫోన్లూ ఒకేలా కనిపిస్తాయి (నిజానికి ఇప్పుడు ఫోన్లన్నీ ఒకేలాగే ఉన్నాయి, అది వేరే వ్యాసం). రివ్యూకి ఒకటే థంబ్‌నెయిల్ కాబట్టి చేత్తో కట్ చేసుకోండి, రెండు నిమిషాల పని. వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గకుండా చూసుకోండి, గూగుల్ డిస్కవర్‌లో పెద్ద బొమ్మగా కనపడాలంటే కనీసం అంత కావాలని గూగులే చెప్తుంది.

దాని మీద తెలుగు అక్షరాలు వేయడం ఇంకో పెద్ద కథ. ఇంగ్లీష్ కోసం తయారుచేసిన చాలా టూల్స్‌కి మన వత్తులు తెలియవు. "స్మార్ట్‌ఫోన్" అని ఇస్తే మ వత్తు స కిందకి వెళ్ళకుండా పక్కన నిలబడి ఉంటుంది. ఇమేజ్‌మ్యాజిక్‌లో కూడా పాంగో లేదా రాక్మ్ తోడు ఉంటేనే తెలుగు సరిగ్గా కూర్చుంటుంది, లేకపోతే విరిగిపోతుంది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాల్సి వచ్చేది. ఇది తెలియక ఎంతమంది అను ఫాంట్లకే అతుక్కుపోయి ఉన్నారో. జింప్‌లో ఏ గొడవా లేకుండా యూనికోడ్ తెలుగు పడుతుంది, రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నా థంబ్‌నెయిల్స్ అన్నీ అందులోనే.

ఇంకొకటి, మనవాళ్ళకి పసుపు మీద ఎరుపు అక్షరాలంటే ప్రాణం. జేపీజీ ఫార్మాట్ మామూలుగా వెలుతురు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగుల వివరాన్ని సగానికి సగం తగ్గించి దాస్తుంది. దాంతో ఎర్ర అక్షరం అంచులు రంగు కారినట్టు అవుతాయి. తలకట్లు, వత్తులు మరీను. ఇర్ఫాన్‌వ్యూలో సేవ్ చేసేటప్పుడు క్రోమా సబ్‌శాంప్లింగ్ ఆపేసే ఆప్షన్ ఉంటుంది, అది ఒక్కటి పెట్టి చూడండి. అదే ఫాంట్, అదే రంగు, కడిగిన ముత్యంలా ఉంటుంది.

ఇప్పుడు కొత్తగా ఏఐ వచ్చింది. ఫోల్డర్ ఇస్తే చాలు, ఫొటోలన్నీ అందంగా చేసి ఇస్తామనే టూల్స్ రోజుకొకటి కనిపిస్తున్నాయి. బాక్స్ ఫొటో బ్యాక్‌గ్రౌండ్ తీయడానికి నేనూ వాడుతున్నా, అబద్ధం ఆడను. కానీ ఈ మధ్య కొన్ని రివ్యూల్లో శాంపిల్స్ చూస్తుంటే, పది వేల ఫోన్ రాత్రి ఫొటోలో చెట్టు ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉంటున్నాయి. ఆ ఆకులు కెమెరా చూసినవా, తర్వాత ఎవరో గీసినవా? ఫోన్ కంపెనీలే లోపల ఏఐతో ఫొటోలు మార్చేస్తున్నాయి కదా, మేము చేస్తే తప్పేంటి అని ఒక మిత్రుడు వాదించాడు. ఫోన్ చేసే మార్పు ఆ ఫోన్ కొన్నవాడికి వస్తుంది. మనం మన కంప్యూటర్‌లో చేసే మార్పు వాడికి రాదు కదా!

ప్రస్తుతం నా పద్ధతి ఇది. ఫోన్ నుంచి కేబుల్‌తో వచ్చిన ఫొటోలు "ఒరిజినల్స్" ఫోల్డర్‌లోకి వెళ్తాయి, వెంటనే దాన్ని రీడ్ ఓన్లీ చేసి, ఒక కాపీ పాత హార్డ్ డిస్క్‌లో పడేస్తాను. బ్యాచ్ అవుట్‌పుట్ ఎప్పుడూ వేరే డ్రైవ్‌లోకే. అయ్యాక యాదృచ్ఛికంగా మూడు ఫొటోలు తీసి ఒరిజినల్ పక్కన పెట్టి చూస్తాను, రంగు తేడా వస్తే మొత్తం బ్యాచ్ డిలీట్. డీటెయిల్ గురించి రాసిన చోట ఒరిజినల్ నుంచి 100 శాతం క్రాప్ చేసిన ముక్క పెడతాను, రీసైజ్ చేసిన దాన్నుంచి కాదు. రివ్యూ యూనిట్‌ని మాత్రం వ్యాసం పెట్టిన పది రోజుల దాకా రీసెట్ చేయట్లేదు. కొరియర్ అబ్బాయి రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్ళాడు, కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి అడిగారు. ఫొటోలు ఇంకోసారి చూసుకోవాలి, ఆగండి అని చెప్పాను.